రెండు పొయ్యిల ఇంట్లో నాలుగు బ్యాటరీలు

నా ప్యాంట్లన్నిటికీ చిల్లులే. బ్యాటరీ పని చేసేవాడి బట్టల బతుకు అంతే. యాసిడ్ చుక్క పడినప్పుడు ఏమీ తెలియదు, చెమటేమో అనుకుంటాం. ఉతికి ఆరేసిన రోజు అక్కడ గుడ్డ పొడిపొడిగా రాలిపోతుంది. నా భార్య చర్చికి వేసుకునే ప్యాంటు ఒక్కదాన్ని విడిగా దాచి, దాన్ని వేసుకుని షాపుకు పోతే ఇంట్లోకి రానివ్వనని చెప్పేసింది. ఆ విషయంలో ఆమెకిచ్చిన మాట ఇప్పటిదాకా తప్పలేదు. నేను మాట తప్పింది వేరే చోట.

ప్రొద్దుటూరులో మాకు చిన్న షాపుంది. మొదట్లో లారీల బ్యాటరీలు, ట్రాక్టర్ల బ్యాటరీలు చూసేవాణ్ణి. తర్వాత ఇళ్లలోకి ఇన్వర్టర్లు వచ్చాయి. ఆ తర్వాత పులివెందుల, సింహాద్రిపురం వైపు చీనీ తోటల్లో, అంటే బత్తాయి తోటల్లో, ఇళ్లు కట్టుకున్నవాళ్లు సోలార్ పలకలు పెట్టుకోవడం మొదలైంది. తోటలకు వచ్చే వ్యవసాయ కరెంటు పగటిపూట కొన్ని గంటలే ఉంటుంది. మోటరుకు అది చాలు, మనిషికి చాలదు. పొద్దు మునిగితే తోట ఇంట్లో చీకటే. అందుకని మిద్దె మీద పలకలు, గదిలో బ్యాటరీలు. నెలకోసారి ట్రాలీ ఆటో వేసుకుని ఆ ఇళ్లన్నీ చుట్టి రావడం నా పని.

పని చూడటానికి చిన్నదే. మూతలు తీసి నీళ్లెంతున్నాయో చూడాలి, తగ్గితే డిస్టిల్డ్ వాటర్ గీత వరకు పోయాలి. గాజు గొట్టంతో యాసిడ్ పీల్చి, లోపల తేలే బుడ్డి ఏ అంకె దగ్గర నిలిచిందో చూడాలి. అది పైకి తేలితే చార్జింగ్ ఉన్నట్టు, మునిగితే లేనట్టు. వైర్లు బిగించే చోట పట్టిన తెల్లటి బూజును వేడి నీళ్లతో కడిగి గ్రీజు పూయాలి. ఇంతే. కానీ ఈ ఇంతే ఎవరూ చేయరు. బర్రెకు పూటపూటకూ మేత వేసినట్టు బ్యాటరీకి కూడా రోజూ నిండా చార్జింగ్ పెట్టాలి, సగం కడుపుతో రోజుల తరబడి ఉంచితే లోపలి పలకలకు తెల్లటి పొర గట్టిపడి ఇక ఎన్నటికీ వదలదు. ఎంత చెప్పినా వినేవాళ్లు కాదు. ఒకాయన నీళ్లు తగ్గాయని బోరు నీళ్లు పోశాడు. “మా బోరు నీళ్లు శానా తియ్యగుంటాయప్పా” అని నాతోనే వాదించాడు. ఆ నీళ్లు తాగి ఆయన పళ్లు పచ్చగా గార పట్టిపోయాయి, సీసం పలకలు ఏం కావాలి? నేను నోటికొచ్చినట్టు తిట్టాను. అప్పట్లో నాకు కోపం ముక్కు మీద ఉండేది. ఎదుటివాడి తప్పు పట్టడంలో నన్ను మించినవాడు ఆ చుట్టుపక్కల లేడు.

నాకు పని నేర్పింది జమ్మలమడుగులో ఒక ఉస్తాదు. ఆయన ఎన్నో నేర్పాడు గానీ, గట్టిగా పట్టుబట్టింది ఒక్కదానికే. “బేటా, ఎవరింట్లోనన్నా బ్యాటరీ ఎత్తినావంటే ఆ జాగా ఖాళీగా ఇడ్సాకు. చెడిపోయిందన్నా సరే, ఏదో ఒక స్పేరు పెట్టి రా” అనేవాడు. చార్జింగ్ కోసం బ్యాటరీని షాపుకు తెచ్చుకుంటే అది తిరిగి పోయేదాకా మన సొంత బ్యాటరీ ఒకటి వాళ్లకు పెట్టి రావాలి. ఈ పనిలో ఉన్నవాళ్లందరికీ తెలిసిన పద్ధతే ఇది. నేను ఇరవై ఏళ్లు తప్పకుండా పాటించి, ఒక్క రోజు తప్పాను.

ఆ ఇల్లు సింహాద్రిపురం దాటి ఐదారు మైళ్లు పోయాక, రోడ్డు దిగి లోపలికి వెళితే వస్తుంది. చీనీ తోట మధ్యలో రెండు గదుల మిద్దె. భార్యాభర్తలు, భర్త తండ్రి, ముగ్గురే మనుషులు. వాళ్లు నాకంటే నాలుగైదేళ్లు పెద్దవాళ్లు కాబట్టి అన్నా, వదినా అని పిలిచేవాణ్ణి. వాళ్లకు పిల్లలు లేరు. పెద్దాయనకు ఎనభై దాటి మతిమరుపు వచ్చింది. కొడుకును గుర్తుపట్టేవాడు, కోడల్ని ఒకసారి గుర్తుపట్టేవాడు, ఒకసారి ఎవరమ్మా నువ్వు అనేవాడు. ఆయన్ను కూర్చోబెట్టి అన్నం పెట్టేదీ, స్నానం చేయించేదీ ఆమే.

ఆయనకు అన్నీ మరుపుకొచ్చినా ఒకటి రాలేదు. మోటరు షెడ్డులో బల్బు.

మా వైపు సేద్యం చేసినవాళ్లకు దీని సంగతి తెలుస్తుంది. ఒకప్పుడు కరెంటు ఎప్పుడు వస్తుందో ఎప్పుడు పోతుందో ఎవరికీ తెలిసేది కాదు. అందుకని రైతులు మోటరు షెడ్డులో ఒక బల్బు స్విచ్ వేసి వదిలేసేవాళ్లు. బల్బు వెలిగిందంటే కరెంటొచ్చింది, లేచి పోయి మోటరు వేయాలి. వెలగలేదంటే లైను చచ్చింది. పక్క తోటలో వెలుగుతూ మన తోటలో వెలగకపోతే ఫ్యూజు పోయింది. అప్పుడు లైన్‌మన్ కోసం చూడకుండా గట్టు మీదున్న ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరికి పోయి, తమ చేతులతోనే ఫ్యూజు తీగ చుట్టుకునేవాళ్లు. పెద్దాయన తన జీవితమంతా అట్లాగే చేశాడు. పంచె మడతలో ఎప్పుడూ ఒక ముక్క తీగ ఉండేది. మతిమరుపు వచ్చాక కూడా ఉండేది.

సోలార్ పెట్టేటప్పుడు అన్న ఆ షెడ్డు బల్బును కూడా బ్యాటరీకే కలిపించాడు. మొదటి వారం పెద్దాయన రాత్రంతా లేచి కూర్చుని “కరెంటొచ్చినాదిరా, మోటరెయ్యాల” అని గోల చేశాడట. స్టార్టర్ గదికి తాళం వేశారు. తర్వాత తర్వాత ఆయనకు అది అలవాటైంది. పొద్దు మునిగే వేళ వాకిట్లో మంచం మీద కూర్చుని, షెడ్డులో బల్బు వెలగడం చూసి, “ఉండాది, ఉండాది” అనుకుంటూ పడుకునేవాడు. వెలగని రోజు మాత్రం ఆయన్ను పట్టడం ఇద్దరి వల్ల కూడా అయ్యేది కాదు.

“ఆ బల్బు ఒక్క సందకాడ కూడా ఆరకూడదప్పా” అని అన్న నాకు మొదట్లోనే చెప్పాడు. “అది ఎలగలేదంటే మా నాయన ఫ్యూజు పోయిందనుకుంటాడు. యాడ ఉన్నా లేచి ట్రాన్స్‌ఫార్మర్ తిక్కు పోతాడు.”

నాకు చెప్పలేదని అనడానికి లేదు. నాకు చెప్పారు.

ఏడేళ్ల కిందట వానాకాలంలో వారం పది రోజులు ఎండ మొహం కనపడలేదు. పలకల నుంచి చార్జింగ్ రాక ఆ ఇంట్లో బ్యాటరీలు నీరసించాయి. గొట్టంలో బుడ్డి అడుక్కు పోయింది. రెండింటిని షాపుకు తెచ్చి నిదానంగా రెండు రోజులు చార్జింగ్ పెడితే తప్ప తేరుకునేట్టు లేవు. నాలుగూ వరసగా కలిపి ఉంటాయి కాబట్టి రెండు తీస్తే ఇల్లంతా ఆగిపోతుంది. అందుకే ప్రొద్దుటూరు నుంచి బయలుదేరేటప్పుడే రెండు స్పేరు బ్యాటరీలు ఆటోలో వేసుకున్నాను.

దారిలో పులివెందులలో ఒకాయన ఫోన్ చేసి ఆపాడు. ఊళ్లో పేరున్న మనిషి ఇంటి గృహప్రవేశం. మైకు సెట్టువాడి బ్యాటరీలు చెడిపోయాయి, జనరేటరు మొరాయించింది. పాటలు రావడం లేదు. “నువ్వు దేవుడి మాదిరి వచ్చినావప్పా, సాయంత్రం నాలుగు గంటలకల్లా ఇచ్చేస్తాం” అన్నారు. ఆటోలో ఉన్న రెండూ దించి ఇచ్చేశాను. పెద్దవాళ్ల పని, కాదంటే మళ్లీ ఆ వీధిలో అడుగు పెట్టనిస్తారా అనుకున్నాను. నిజం చెప్పాలంటే కాదనాలని కూడా అనిపించలేదు. అంత పెద్ద ఇంటివాళ్లు భుజం మీద చెయ్యేసి మాట్లాడితే నాకు సంతోషంగానే ఉండింది.

తోటకు పోయేసరికి అన్న ఇంట్లో లేడు, చీనీ కాయలు లోడు చేసుకుని మార్కెట్‌కు పోయాడు. వదిన ఒక్కతే ఉంది. నేను రెండు బ్యాటరీలు విప్పి ఆటోలో పెట్టాను. ఆమె ఖాళీ జాగా వైపు చూసింది.

“వీటికి బదులు ఏం పెట్టవాప్పా?”

“పులివెందులలో ఉండాయి వదినా. పోయి తెస్తా.”

“సందకాడికి తెస్తావు కదా? లైటు లేకుంటే మా మామ శానా గలాటా చేస్తాడు. నేనొక్కదాన్నే ఉండా.”

“దీపాలు పెట్టే యాళకు నీ వాకిట్లో ఉంటా” అన్నాను. అచ్చంగా ఈ మాటలే.

నాలుగు గంటలకు గృహప్రవేశం ఇంటికి పోతే అక్కడ పాటలు ఇంకా మోగుతున్నాయి. ఇంకొంచెం సేపు ఉండనీ అన్నారు. ఆకు వేసి భోజనం పెట్టారు. నేను తిన్నాను. ఐదున్నరకు మళ్లీ అడిగాను, మైకు సెట్టువాడు ఇంటి యజమానినే అడగమన్నాడు. ఆ యజమాని పదిమంది మధ్య కూర్చుని ఉన్నాడు. దగ్గరికి పోయి నా బ్యాటరీలు నాకియ్యండి అని అడగడానికి నోరు రాలేదు. బోరు నీళ్లు పోసిన పేద రైతును తిట్టడానికి పైకి లేచిన నోరు అక్కడ లేవలేదు. ఒక్క రాత్రే కదా, ఏమవుతుంది, రేపు పొద్దున్నే పోదాం అనుకుని షామియానా కింద కూర్చున్నాను.

చీకటి పడే వేళ ఫోన్ మోగింది. వదిన నంబరు. తీస్తే ఏం చెప్పాలో తెలియక మోగనిచ్చాను. కొంచెం సేపటికి మళ్లీ మోగింది. మూడోసారి మోగినప్పుడు ఫోన్‌ను జేబులో తిరగేసి పెట్టుకున్నాను. పాటల హోరులో వినపడలేదని చెప్పొచ్చులే అని మనసులో ఒక సాకు కూడా తయారు చేసి పెట్టుకున్నాను.

ఆ ఇంటి దగ్గర సిగ్నల్ ఉండదు. ఫోన్ చేయాలంటే ట్రాన్స్‌ఫార్మర్‌కు ఎదురు దిక్కున, తోట చివర ఉన్న ఇంకో గట్టు మీదికి పోవాలి. ఆమె పెద్దాయన్ను మంచం మీద కూర్చోబెట్టి, ఇప్పుడే వస్తానని చెప్పి, నాకు ఫోన్ చేయడానికి ఆ గట్టు మీదికి పోయింది. మూడుసార్లు చేసేదాకా అక్కడే నిలబడింది. తిరిగి వచ్చేసరికి మంచం ఖాళీ.

ఆ రోజు పగలు లైను పనుల కోసం కరెంటు ఆపి, ఆ గంటలు సాయంత్రం ఇచ్చారు. షెడ్డులో బల్బు చీకటిగా ఉంది, లైనులో మాత్రం కరెంటుంది. పెద్దాయన లెక్కలో బల్బు వెలగలేదంటే లైను చచ్చినట్టే, ముట్టుకోవచ్చు. ఆయన ఏ తప్పూ చేయలేదు. అరవై ఏళ్లు నమ్మిన గుర్తునే నమ్మాడు. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరికి పోయి, పంచె మడతలోంచి తీగ ముక్క తీసి చేత్తో పట్టుకుని పైకి చెయ్యి పెట్టాడు.

మరుసటి రోజు పొద్దెక్కాక నేను స్పేరు బ్యాటరీలు వేసుకుని పోయాను. దూరం నుంచే జనం కనపడ్డారు. పులివెందుల ఆసుపత్రి నుంచి ఆయన్ను అప్పుడే తెచ్చి వాకిట్లో పడుకోబెట్టారు. నేను ఆటో ఆపగానే జనం పక్కకు జరిగి దారిచ్చారు, నేను చూడటానికి వచ్చాననుకున్నారు. వదిన ఆయన కాళ్ల దగ్గర కూర్చుని తడి గుడ్డతో పాదాలకంటిన మట్టి తుడుస్తోంది. అన్న నా దగ్గరికి వచ్చాడు. ఆయన కళ్లలో నీళ్లు లేవు.

“ఏమప్పా, బ్యాటరీలు ఎప్పుడు తెస్తానని చెప్పి పోయినావు?”

నాకు భయమేసింది. చుట్టూ ఆయన తరఫు మగవాళ్లు ఇరవై మంది ఉన్నారు. కానీ భయం వల్లే అన్నానని చెబితే అది కూడా సగం అబద్ధమే అవుతుంది. సింహాద్రిపురంలో సంగతి విన్నప్పటి నుంచీ ఆ మాట నేను దారి పొడుగునా సిద్ధం చేసుకునే వచ్చాను.

“రేపు పొద్దున తెస్తానని చెప్పినా అన్నా. ఈ రాత్రికి లైటుండదు, పెద్దాయన పక్కనుంచి కదలొద్దని కూడా వదినకు చెప్పే పోయినా.”

అన్న ఆమె వైపు తిరిగాడు. “ఇన్నావా? చెప్పినా కూడా ఇడిసిపెట్టి గట్టు మీదికి పోయినావు.”

వదిన తల ఎత్తి నన్ను చూసింది. ఒక్కసారే. ఏదో అంటుందనుకున్నాను. ఆమె గుడ్డను నీళ్లలో పిండి, మళ్లీ పాదాలు తుడవడం మొదలుపెట్టింది. ఆ క్షణాన ఆమె మాట్లాడినా ఎవరూ నమ్మేవాళ్లు కాదు. అది ఆమెకు తెలుసు, నాకూ తెలుసు.

పెద్దకర్మ అయిపోయిన మరుసటి నెల నేను పోయినప్పుడు ఆ ఇంట్లో రెండు పొయ్యిలు కనపడ్డాయి. వసారాలో ఈ మూల ఒకటి, ఆ మూల ఒకటి. అన్న ఆమె చేతి కూడు తినడం మానేశాడు. సంగటి తనే కెలుక్కుంటాడు, ఉడికీ ఉడకక ముద్దలు కట్టి ఉంటుంది, దాన్నే మింగుతాడు. నీళ్లు కూడా తనే ముంచుకుంటాడు. కొట్టడు, తిట్టడు, ఇంట్లోంచి పొమ్మనడు. ఆమెకు పుట్టింట్లో ఎవరూ మిగల్లేదు. ఒకే వసారాలో పదడుగుల దూరంలో ఇద్దరూ ఎవరి పొయ్యి వాళ్లు ఊదుకుంటూ ఉంటారు. నేను ఒక్క మాట చెబితే ఒక పొయ్యి ఆరిపోతుంది. ఆరేళ్లు చెప్పలేదు.

చెప్పకుండా ఏం చేశానంటే, ఆ బ్యాటరీలను చూసుకున్నాను. ఇంకెవరింట్లోనూ చూసుకోనంతగా. ప్రతి అరకూ గొట్టం పెట్టి అంకె చూసేవాణ్ణి. బూజు ఆనవాలు కూడా లేకుండా కడిగేవాణ్ణి. కింద చెక్క పలకలు మార్చాను, గదికి కిటికీ కొట్టించాను. కొన్నిసార్లు చార్జింగ్ కొంచెం ఎక్కువ పెట్టి లోపల యాసిడ్ ఉడికేలా చేయాలి, అప్పుడే అరలన్నీ ఒక తీరుకొస్తాయి. ఆ ఉడుకు చప్పుడు, ఆ ఘాటు వాసన మధ్య గంటల తరబడి ఆ గదిలో కూర్చునేవాణ్ణి. అక్కడ నాకు వేరే చప్పుళ్లు కూడా వినపడేవి. వాకిట్లో మంచం కిర్రుమన్నట్టు, ఎవరో “ఉండాది, ఉండాది” అన్నట్టు. బయటికి వచ్చి చూస్తే ఎవరూ ఉండరు. నాలుగేళ్లకు చచ్చిపోయే బ్యాటరీలు ఆ ఇంట్లో ఆరేళ్లు దాటినా కొత్తవాటి లాగా పని చేశాయి. నా పనితనం గురించి అన్న ఊరంతా చెప్పేవాడు.

నెల తిరగ్గానే వదిన ఫోన్ చేసేది, అదే గట్టు మీద నుంచి. “నీళ్లు తగ్గినట్టుండాయి, ఒకసారి వచ్చిపోప్పా” అనేది, అంతే. ఆ నంబరు కనపడితే చాలు, అన్నం తింటున్నా ఎంగిలి చేత్తోనే తీసేవాణ్ణి. పోయిన ప్రతిసారీ ఆమె తన పొయ్యి దగ్గర్నుంచి మజ్జిగ తెచ్చి ఇచ్చేది. నేను తాగుతున్నంత సేపూ అక్కడే నిలబడి ఉండేది. నేను గ్లాసు కింద పెట్టి, పైపు గురించో ఎండ గురించో ఏదో ఒకటి మాట్లాడి లేచేవాణ్ణి.

మాది తాతల కాలం నుంచి మిషన్ చర్చి. ఆదివారం అందరం లేచి నిలబడి మా తప్పులు ఒప్పుకుంటాం, ఒకే గొంతుతో, పుస్తకంలో ఉన్నట్టు. నేనూ చెప్పేవాణ్ణి. మూడొందల మందితో కలిసి చెబితే ఏ తప్పయినా ఎంత తేలికగా నోటి నుంచి వచ్చేస్తుందో. పక్కన నా భార్య పాట ఎత్తుకుంటే నేను పెదాలు కదిపేవాణ్ణి. ఆమెకు ఇప్పటిదాకా ఇది చెప్పలేదు. చీకటి పడే వేళ ఫోన్ మోగితే నేనెందుకు ఉలిక్కిపడతానని ఎన్నోసార్లు అడిగింది.

పోయిన ఏడాది ఎండలు ముదరకముందు ఒక రోజు అన్నే ఫోన్ చేసి రమ్మన్నాడు. పోయేసరికి వదిన వసారాలో దుప్పటి కప్పుకుని పడుకుని ఉంది, మూడు రోజులుగా జ్వరమట. అన్న తన పొయ్యి మీద గంజి కాచుకుంటున్నాడు. గిన్నె నిండా ఉంది. ఇంతలో ఆమె గోడ పట్టుకుని లేచి, వణుకుతూ తన పొయ్యి దగ్గర కూర్చుని, పుల్లలు పెట్టి ఊదడం మొదలుపెట్టింది. అగ్గి అంటుకోవడం లేదు. పదడుగుల దూరంలో ఆయన గంజి పొంగుతోంది. ఆయన అటు చూడలేదు, ఈమె అడగలేదు. ఆయన గంజి తాగి, తలకు గుడ్డ చుట్టుకుని, కాయలు కోయించాలని తోటలోకి పోయాడు.

నేను చేతిలోని గొట్టం అక్కడే పెట్టేసి ఆమె దగ్గరికి పోయి కూర్చున్నాను. పుల్లలు నేనే సర్ది ఊదాను. పొగకు కళ్లలో నీళ్లు కారాయి, పొగకే అనలేను.

“వదినా, ఆ పొద్దు నేను అబద్ధం చెప్పినా. సందకాడికి తెస్తానన్నది నేను. నీకేం జాగ్రత్త చెప్పలేదు. నువ్వు ఫోన్ చేసినప్పుడు చూసి కూడా తియ్యలేదు. స్పేరు బ్యాటరీలు గృహప్రవేశంలో పాటలకు ఇచ్చినా.”

ఆమె గిన్నెలో నీళ్లు పోసుకుంటూ ఆగింది.

“నాకెందుకు చెప్తాండావు?” అంది. “నేను ఆడ్నే ఉంటి కదా. నాకు తెలీదా?”

నేను పొయ్యిలోకి ఇంకో పుల్ల తోశాను.

“ఆయప్ప తోటలో ఉండాడు. పోయి ఆయనకు చెప్పు.”

అంత జ్వరంలోనూ ఆమె గొంతు గట్టిగా ఉంది. లేచాను. తోటలో నడుస్తుంటే మొదటిసారి నా కాళ్లు తేలికగా అనిపించాయి, ఇంకో పది నిమిషాల్లో అయిపోతుంది అనుకున్నాను.

అన్న చెట్టు కింద కూర్చుని కాయలు ఏరుతున్నాడు. నన్ను చూసి మొహం విప్పారింది. పక్కన సంచి పరిచి కూర్చోమన్నాడు.

“అన్నా, నీతో ఒక మాట చెప్పాల.”

“చెప్పప్పా.” నేను నోరు తెరిచేలోగా ఆయనే అందుకున్నాడు. “నువ్వొచ్చిన ప్రతిసారీ నాకు మా నాయన మతికొస్తాడు. ఆ పొద్దు నువ్వు బయటి మనిషివై ఉండి కూడా చెప్పి పోయినావు, పక్కనుంచి కదలొద్దని. ఇంట్లో మనిషికి అది పట్టలే. నువ్వు ఆ మాట నాకు చెప్పకపోయింటే నేను పిచ్చోణ్ణి అయిపోయుందు. ఎవర్ని తప్పు పట్టల్నో తెలీక నన్నే నేను చంపుకుందు. మార్కెట్టుకు పోకుండా ఉండింటే ఆయన బతికుండు కదా అని.”

ఆ మాట మీదనే ఈ మనిషి ఆరేళ్లు నిలబడి ఉన్నాడని నాకు అప్పుడు తెలిసింది. అది నేను లాగేస్తే తండ్రి చావు ఒక్కటే కాదు, ఆరేళ్లు పెళ్లాన్ని వెలి వేసిన పాపం కూడా ఆయన నెత్తినే పడుతుంది. ఇదంతా ఆయన మీద జాలితో అనుకున్నానని నాకు నేను చెప్పుకున్నాను. జాలి కాదు, నాకు మళ్లీ భయమేసింది. ఈ మనిషి నన్ను చూసే చూపు మారిపోతుందని భయం.

“ఏందో చెప్తానంటివే?” అన్నాడు.

“ఏం లేదన్నా. బ్యాటరీలు బాగుండాయి. ఇంకో రెండేళ్లు ఢోకా లేదు.”

ఆయన నవ్వి, ఏరిన కాయల్లోంచి మంచివి చూసి సంచి నిండా నింపి, వద్దంటున్నా నా చేతికిచ్చాడు. పిల్లలకు పెట్టమన్నాడు.

ఇంటికి తిరిగి వచ్చేసరికి వదిన వాకిలి గుంజ పట్టుకుని నిలబడి ఉంది. దుప్పటి భుజాల మీద ఉంది. తోటలోంచి వచ్చే దారినే చూస్తోంది. నా వెనక ఆయన వస్తున్నాడేమోనని చూసింది, రావడం లేదు. తర్వాత నా చేతిలో సంచి చూసింది, పైకి కనపడుతున్న పండు కాయలు చూసింది.

నేను సంచి ఆటోలో పెట్టి, పనిముట్లు సర్దుకున్నాను. చేతులు కడుక్కోవాలి, యాసిడ్ చేతులు, కానీ ఆమె ముందు తొట్టి దగ్గరికి పోవడానికి మొహం చెల్లలేదు.

“వచ్చే నెల వస్తా వదినా” అన్నాను.

“రావాకు” అంది. “నీళ్లు పోసేది నాకు తెలుసు. నువ్వు పోస్తాంటే ఆరేండ్లు నిలబడి చూసినా కదా.”

ఆటో స్టార్ట్ చేశాను. ఇంజను చప్పుడులో వినపడదేమోనని ఆమె గుంజ వదిలి, రెండడుగులు ముందుకొచ్చి చెప్పింది.

“ఇన్నేండ్లు నిన్ను పిలిపించింది బ్యాటరీల కోసరమే అనుకుంటివా?”